ముంగిటి వెలుతురులో కుటుంబ ఛాయాపటము

గృహమునందు మనము తాళములు వైచి కాపాడుకొను వస్తువు లనేకములు గలవు. నగలు, పట్టుచీరలు, వెండిచెంబులు పోయినచో కష్టముమీదనైనను మరల సంపాదించుకొనవచ్చును. దొంగ కెందునకును పనికిరానిదియు, పోయినచో ఎంత ధనము పోసినను మరల దొరకనిదియు నగు వస్తువొక్కటి గలదు. అది మన పెద్దల రూపమును, మన పిల్లల బాల్యమును నిలిపియుంచిన ఛాయాపటము.

సోదరీమణులారా! ఫొటోలు తీయుట పురుషుల వినోదమనియో, స్టూడియోవారి వృత్తియనియో యెంచి మనలో ననేకులు దాని జోలికి పోకుండిరి. ఇప్పు డట్లనుకొనుటకు వీలులేదు. సెల్‌ఫోను గల యిల్లెల్లను కెమేరా గల యిల్లే. పిల్లల చేష్టలను, పండుగనాటి పిండివంటలను, వాకిట పెట్టిన ముగ్గులను వేలకొలది తీయుచున్నాము. అయినను ఇంటివారందఱును ఒక్కచోట జేరి, స్పష్టమైన ముఖములతో గాన్పించు పట మొక్కటి చూపుడని యడిగినచో, అనేక గృహములలో వెదకవలసియే వచ్చును. అట్టి పటమును వ్యయము లేకుండ, ఇంటి ముంగిట, పగటి వెలుతురులో ఎట్లు తీసికొనవచ్చునో, అందెవ్వరు తప్పక యుండవలయునో ఈ వ్యాసమున విన్నవించుచున్నాము.

ఆరుబయట పెరిగిన విద్య

ఛాయాపటవిద్య 1839 వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమునందు లోకమునకు వెల్లడి యయ్యెను. డాగేరు అను నతడు వెండిపూత గల రాగిరేకుమీద రూపమును నిలుపు విధానమును కనుగొనెను. తొలుత పటము పడుటకు నిమిషముల కాలము పట్టెడిది. తరువాత ఆ కాలము తగ్గినను, కూర్చున్నవారు కదలకుండుటకై తలవెనుక నొక ఇనుప ఊతను నిలుపుచుండిరి. ఆ నాటి పటములలో మనుష్యులు బిగుసుకొని, నవ్వు లేక యుండుటకు ఇదియు నొక కారణము. చిరునవ్వును అంతసేపు చెదరకుండ నిలుపుట యెవరి తరము?

అంతటి వెలుతురు ఇంటిలోపల లభింపదు గదా! అందుచేత 1843 మొదలుకొని స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున డేవిడ్ ఆక్టేవియస్ హిల్ అను చిత్రకారుడును, రాబర్ట్ ఆడమ్సన్ అను ఛాయాగ్రాహకుడును కలిసి, కుర్చీలను, బల్లలను, తెరలను తమ యింటి వెలుపలికి తెచ్చి, ఎండలో పటములు తీసిరి. చూచువారికి అది యింటి గదివలె దోచును గాని నిజమునకు ఆరుబయలే. వారు పండితులను, ప్రభువులను మాత్రమే గాక, సమీపమున న్యూహేవెన్ అను పల్లెలో చేపలబుట్టలు మోసి యమ్ముకొను స్త్రీలను గూడ అంతే గౌరవముతో తీసిరి. ఆడమ్సన్ 1848 లో చిన్నవయస్సుననే మరణించెను. అయినను ఆ బెస్తస్త్రీల ముఖములు నేటికిని చెక్కు చెదరక యున్నవి.

ఇక మన హైదరాబాదు సంగతి. ఆఱవ నిజామగు మహబూబ్ అలీఖానుగారి యాస్థాన ఛాయాగ్రాహకులైన రాజా దీనదయాళుగారు 1892 లో ఆ నగరమున స్త్రీల కొఱకు ప్రత్యేకముగ నొక జనానా స్టూడియో నెలకొల్పిరి. చుట్టును ఎత్తైన గోడలు. లోపల పటములు తీయునది యొక ఆంగ్లవనిత. పరపురుషుని కంటబడని కుటుంబ స్త్రీలకును తమ రూపము తమవారికి మిగులవలెనను కోరిక యుండెడిదని దీనివలన తెలియుచున్నది. ఆ కోరిక తీరుటకు నాడు అంతటి ప్రాకారము కట్టవలసి వచ్చెను. నేడు మనకు ఇంటి పెరటిగోడ చాలును.

కెమేరా పట్టుట స్త్రీలకు తగిన పని కాదనువారు జూలియా మార్గరెట్ కామెరాన్ చరిత్రమును తెలిసికొనవలెను. ఆమె 1815 లో కలకత్తాలో జన్మించినది. 48 ఏండ్ల వయస్సున కుమార్తెయు, అల్లుడును కానుకగా నిచ్చిన కెమేరాతో పని మొదలిడి, ఇంగ్లండులోని తన యింటి కోళ్లగూటిని అద్దాలగదిగా మార్చుకొని, చుట్టములను, ఇంటి పనికత్తెలను కూర్చుండబెట్టి పటములు తీసి జగత్ప్రసిద్ధి గాంచినది. మన దేశమున హోమాయి వ్యారావాలాగారు 1913 లో నవసారిలో పుట్టి, చీర కట్టుకొని భుజమున కెమేరా వ్రేలాడగా వార్తాపత్రికల కొఱకు పనిచేసిన తొలి భారతీయ వనితయై, 2011 లో పద్మవిభూషణ బిరుదమును పొందిరి. ఇంటిలో పిల్లలను, పెద్దలను ఎఱిగిన చేతికి ఈ పని యింకను సులభము.

తగిన వేళ

వెలుతురు అధికమైనకొలది పటము చక్కగా వచ్చునని చాలమంది భ్రమ. ఇది పెట్టె కెమేరాల నాటినుండి వచ్చిన మాట. 1900 లో అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీవారు బ్రౌనీ యను చిన్న పెట్టె కెమేరాను ఒక్క డాలరు వెలకు అమ్మసాగిరి. అట్టి కెమేరాలకు వెలుతురు మిక్కిలి కావలెను గనుక, సూర్యుని తన వీపువైపున నుంచుకొని తీయుడని వాడువారికి బోధించుచుండిరి. ఆ ప్రకారము చేసినచో తీయువారికి హాయియే గాని, ఎదుట నిలిచినవారికి ఎండ సూటిగా కన్నులలో బడును. కనుబొమలు ముడిపడును, కన్నులు చిట్లించుకొందురు. నేటి కెమేరాలకు అంతటి యెండతో నిమిత్తము లేదు. కావున ఆ పాత నియమమును విడిచిపెట్టవలెను.

మన దేశము ఉష్ణమండలమున నున్నది. కోస్తా జిల్లాలలో మే నెల మొదటి పక్షమున మధ్యాహ్నవేళ సూర్యుడు సరిగా నడినెత్తిమీదికి వచ్చును. మనిషి నీడ పాదములక్రిందనే యణగిపోవును. అట్టి వెలుతురులో నుదురును, ముక్కును తెల్లగా మెఱసి, కన్నులు రెండును గోతులవలె నల్లబడును. ఎంత అందమైన ముఖమైనను ఆ వేళ పటమునకు తగదు. సూర్యోదయమైన పిమ్మట ఒకటిన్నర గంటసేపు, అస్తమయమునకు ముందొక గంటసేపు వెలుతురు ఏటవాలుగ, మెత్తగ నుండును. సాయంకాలము తీయదలచినవారు ఆలస్యము చేయరాదు. చలిదేశములలోవలె మనకు దీర్ఘమైన మలిసంజ యుండదు. సూర్యుడు క్రుంకిన తరువాత ఇరువది నిమిషములకే చీకటి ముసరుకొనును. పెద్దమ్మ చీర మార్చుకొని వచ్చునప్పటికి వెలుతురు పోయినదను ఫిర్యాదు అనేక గృహములలో వినబడునదే.

మబ్బు పట్టిన దినమున ఫొటో బాగుండదని కొందఱు మానివేయుదురు. అది పొరపాటు. మబ్బు ఆకాశమున కట్టిన పలుచని తెరవంటిది. సూర్యరశ్మి దానిగుండ వడియబడి అన్నివైపులనుండియు సమానముగ వచ్చును. శ్రావణ భాద్రపదములలో వానవెలిసిన వేళ ముఖములు కడిగినట్లు గాన్పించుటకు కారణమిదియే.

అన్నిటికంటె మంచి యదను సంక్రాంతి. ఆ పండుగకు కొడుకులు, కూతుండ్రు, అల్లుండ్రు, మనుమలు నొక్కచోటికి చేరుదురు. ఆ ఋతువున సూర్యుడు రోజంతయు దక్షిణపువైపుననే నడచును. కనుక ఇంటికి ఉత్తరపువైపున పగలెల్లను చల్లని నీడ నిలిచియుండును. భోజనములైన పిదపనైనను అచ్చట తీసికొనవచ్చును. వేసవిలో ఈ నియమము చెల్లదు. అప్పుడు ఉదయ సాయంకాలములనే నమ్ముకొనవలెను.

తగిన స్థలము

ఎండలోను గాక, గదిలోపలను గాక, నీడ యంచున నిలువబెట్టవలెను. ఇదియే ఈ విద్యయందలి మొదటి రహస్యము. వసారా చూరుక్రింద, అరుగుమీద, గోడ నీడలో వారిని నిలిపి, ముఖములను వెలుతురు గల యాకాశమువైపు త్రిప్పవలెను. నీడ యంచునుండి ఒకటి రెండు అడుగులు లోపలికి నిలిచిన చాలును. తీయువారు వెలుతురులో నుండి వారివైపు చూడవలెను. ఎదుట సున్నము కొట్టిన గోడ యున్నచో మఱియు మేలు. ఆ గోడ తనపై బడిన యెండను మరలించి ముఖములమీదికి చల్లగ పంపును. గోడ లేనిచో తెల్లని పంచెనొకదానిని వారి పాదములముందు నేలపై పఱచినచో గడ్డముక్రిందను, కన్నులక్రిందను గల నల్లని నీడ తగ్గును. ఎఱ్ఱమట్టి నేల ముఖములకు ఎఱుపును, పచ్చిక ఆకుపచ్చని ఛాయను ఇచ్చునని గూడ గుర్తుంచుకొనవలెను.

చెట్టునీడ అన్నియు నొకటి కాదు. మామిడి, చింత వంటి దట్టమైన చెట్లనీడ మంచిది. కొబ్బరిచెట్టు నీడ మాత్రము పటమునకు పనికిరాదు. ఆకుల సందులనుండి ఎండ చారలు చారలుగ బడి, ఒకరి చెంపయు, ఇంకొకరి నుదురును మాత్రమే వెలుగును.

పట్టణములలో అపార్టుమెంటులయందు నివసించు సోదరీమణులు తమకు ముంగిలి లేదని చింతింపనక్కఱలేదు. మేడమీది డాబాపై నీళ్లట్యాంకు నీడ యుండును. క్రింద వాహనములు నిలుపు చోట ద్వారమువద్ద మంచి వెలుతురు వచ్చును. అచ్చటి వెనుకభాగము వికారముగ నున్నచో ఒక దుప్పటి కట్టుకొనవచ్చును. ఆఫ్రికాలోని మాలీ దేశపు బమాకో నగరమున సైదు కేటా యను నతడు 1948 లో స్టూడియో తెఱచి, ఇంటి ఆవరణలో, పగటి వెలుతురులోనే పటములు తీసెను. ఆతని మొదటి తెర తన పడకదుప్పటియే. ఆ పూలదుప్పటుల ముందు నిలిచిన కుటుంబముల చిత్రములు నేడు గొప్ప గొప్ప ప్రదర్శనశాలలలో వ్రేలాడుచున్నవి.

దుప్పటి కట్టినను కట్టకున్నను, మీట నొక్కుటకు ముందు ఒక్కసారి వారి తలలవెనుక చూడవలెను. కరెంటు స్తంభము తాతగారి తలలోనుండి మొలచినట్లును, దండెముమీది తడిబట్టలు కోడలి భుజముమీద ఆరవేసినట్లును పడిన పటములు మేము పెక్కు చూచితిమి. రెండడుగులు ప్రక్కకు జరిగిన ఆ దోషము తొలగును.

కూర్చుండు తీరు

మా ఇంటివారు ఉపాధ్యాయులగుటచే, ఏటేట పాఠశాలలో తీయు సామూహిక ఛాయాపటమును మేము చూచుచుందుము. నూఱుమంది బాలురైనను కొన్ని నిమిషములలో నొక క్రమమునకు వత్తురు. చిన్నవారు నేలమీద, ఉపాధ్యాయులు కుర్చీలలో, పెద్దవారు వెనుక నిలిచి, మఱికొందఱు బెంచీలమీద నెక్కి యుందురు. ఇంటిలోను ఈ మెట్లపద్ధతియే మంచిది. అయితే బడిపిల్లలవలె నిటారుగ, ఎడమెడముగ నిలువబెట్టరాదు. కుటుంబమనగా ఒకరినొకరు ఆనుకొనియుండుట. భుజమునకు భుజము తగులవలెను; మనుమడు తాత మోకాలిమీద చేయివేయవలెను.

పెద్దవారికి మొదట ఆసనము చూపవలెను. వీపునకు ఆనుడు గల కుర్చీ యైనను, నులకమంచమైనను సరియే; పాదములు నేల కానవలెను. అందఱిని సర్దిన పిదప చివర వారిని పిలువవలెను గాని, వారిని కూర్చుండబెట్టి అరగంట ఇతరులకొఱకు కాచియుండ జేయరాదు. కంటికి శుక్లముల ఆపరేషను అయినవారికి ఎక్కువ వెలుతురు బాధ కలిగించును గనుక వారి ముఖమును ఎండవైపు త్రిప్పరాదు. కన్నద్దములు గలవారు గడ్డమును కొంచెము దించినచో అద్దములలోని మెఱుపు పోవును. అద్దములు తీసివేయుమని మాత్రము చెప్పకుడు. ముప్పదియేండ్లుగ కన్నద్దములతోనే మనము చూచిన ముఖము అవి లేనిచో పరాయి ముఖమై తోచును.

చంటిపిల్లలున్న యింట వారు నిద్రలేచి పాలు త్రాగిన వేళయే శుభముహూర్తము. మనకు వీలైన వేళకు వారిని లేపినచో, పటమునందు ఏడుపే మిగులును.

తీయునపుడు

సెల్‌ఫోనుతో తీయువారు మిక్కిలి దగ్గఱకు పోయి నిలుతురు. అప్పుడు నడుమ నున్నవారు బాగుగనే పడుదురు గాని, రెండు కొసల నున్నవారి ముఖములు సాగినట్లు, చేతులు లావైనట్లు గాన్పించును. ఇది ఆ చిన్న కటకము యొక్క దోషము. పది పండ్రెండడుగులు వెనుకకు నిలిచి తీసినచో ఈ వికారము పోవును. కొసలయందు కొంత చోటు విడిచిపెట్టవలెను. ఫోనును కూర్చున్నవారి ఱొమ్ముల ఎత్తున పట్టుకొనవలెను. పైనుండి తీసిన మనుష్యులు పొట్టివారగుదురు. క్రిందనుండి తీసిన గడ్డములు మాత్రమే పెద్దవగును.

తెల్లని పంచెలు, ముదురు రంగు చీరలు కలిసియున్నపుడు కెమేరాకు తికమక కలుగును. తెరమీద ముఖమును వ్రేలితో తాకినచో ఆ ముఖమునకు తగిన వెలుతురును అది తీసికొనును. ఒక్క పటముతో తృప్తిపడరాదు. పదిమంది కూడినచోట ఒక్కరైన రెప్పవేయకుండుట అరుదు. పదిసార్లు తీసి, అందొక్కటి నిలుపుకొని, మిగిలినవి తుడిచివేయవలెను.

నవ్వుడు, నవ్వుడు అని కేకలు వేసి పెద్దలను బాధింపరాదు. గంభీరముగ నుండుట వారి స్వభావమైనచో ఆ గాంభీర్యమే వారి రూపము. నవ్వు కావలెనన్నచో, వారి చిన్ననాటి సంగతి నొకదానిని అడిగి, సమాధానము చెప్పుచుండగా తీయవలెను.

ఇంకొక మాట. ముఖమును తెల్లగను, నున్నగను జేయు సాధనములు నేటి ఫోనులలో నున్నవి. పూర్వము స్టూడియోలలో కుంచెతో రంగులు దిద్దెడివారు. ఇప్పుడు ఆ పనిని యంత్రము క్షణములో జేయుచున్నది. చామనచాయ గల తల్లిని తెల్లని బొమ్మగ జేసినచో, ఆమె కుమార్తెకు ఏమి బోధించినట్లు? నుదుటి ముడుతలు, పొయ్యివద్ద కమిలిన చేతులు, నెరసిన పాపట – ఇవి దోషములు కావు. ఒక జన్మలో ఆమె చేసిన పనికి సాక్ష్యములు. వానిని తుడిచివేయు హక్కు మనకు లేదు.

పటమున లేనివారు

ఇంతవరకు చెప్పినది నేర్పునకు సంబంధించినది. ఇప్పుడు చెప్పబోవునది ధర్మమునకు సంబంధించినది.

ఏ యింటి పటములనైనను తీసి చూడుడు. కొందఱు ప్రతి పటమునను ఉందురు. కొందఱు ఎందును కానరారు. ఇంటిలో ఫొటోలు తీయునట్టి కోడలు తాను తీసిన వేయి పటములలో ఒక్కదానను ఉండదు. ఆమె బిడ్డ పెరిగి, “అమ్మా! నన్నెత్తుకొన్న ఫొటో యొక్కటియు లేదేమి?” అని యడిగినచో ఏమి చెప్పగలదు? ఈ లోపమునకు మందు సులభము. ఫోనును కిటికీలోనో, ఎత్తుపీటమీదనో చెంబునకు ఆనించి నిలిపి, పది సెకండ్ల టైమరు పెట్టి, తానును వచ్చి వరుసలో నిలువవలెను. లేదా పొరుగింటి పిల్లను పిలువవలెను. వంటింటిలో నున్నవారిని గూడ, పొయ్యి కట్టివేసి రమ్మని పిలిచిన పిదపనే తీయవలెను. “నా చీర బాగులేదు, మీరు దిగుడు” అని తప్పుకొను వదినను చేయిపట్టి తీసికొనిరావలెను.

వీరికంటె నెక్కువగా మఱుగున బడినవారు భర్తను గోల్పోయిన పెద్ద ముత్తవ్వలు. శుభకార్యమున ముందుండరాదని వారిని చిన్ననాటనుండి బెదరించితిమి. ఎవ్వరును చెప్పకయే వారు స్తంభము చాటునకు తప్పుకొందురు. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును 1881 డిసెంబరు 11 వ తేదీని జరిపించిరి. నాటినుండి నూటనలువది యేండ్లు దాటినను, ఆ యమ్మను పటము నడుమ కూర్చుండుమని పిలుచుటకు అనేక గృహములలో నేటికిని నోరు రాకున్నది.

మే మెఱిగిన యొక కుటుంబమున ఇట్లే జరిగినది. ఆ యింటి నాయనమ్మగారు నలుగురు కొడుకులను పెంచి పెద్దచేసినది. ఎనుబదియేండ్లు దాటి కాలధర్మము నొందినది. పదునొకండవ దినమున పటమునకు దండ వేయుటకై ఫొటో కొఱకు వెదకిరి. నలుగురి పెండ్లి ఆల్బములును తిరుగవేసిరి. ఎందును ఆమె లేదు. చివరకొక మనుమరాలి ఓణీల వేడుక పటమున, ఎవరిదో భుజముచాటున సగము ముఖము దొరకినది. దానిని పెద్దది చేయించిరి. ఆ మసకబారిన సగము ముఖమే ఇప్పుడు గోడమీద నున్నది. రెండవ సగము ఎట్లుండెడిదో ఆమె మునిమనుమలకు ఎవరు చూపగలరు? ఆ యింటి పెరటిలో పగలెల్ల చక్కని నీడ గలదు. కొడుకులందఱి చేతను ఫోనులును గలవు. లేనిదల్లయు “రా అమ్మా, ఇచట నడుమ కూర్చుండు” అను పిలుపొక్కటియే.

కొందఱు ఫొటో తీసికొన్న ఆయుస్సు తరుగునందురు. ముగ్గురు కలిసి దిగినచో నడుమ నున్నవారికి కీడనియు అందురు. పాఠశాలల పటములలోను, పెండ్లి పటములలోను లక్షలకొలది జనులు నిలిచిరి. నడుమ కూర్చున్న ఉపాధ్యాయులు సుఖముగ పింఛను పుచ్చుకొనుచున్నారు. అయినను పెద్దల మనస్సు నొప్పించి వాదింపరాదు. ముగ్గురైనచో ఒక శిశువును ఒడిలో నిడి నలుగురిని చేయుడు. కావలసినది వారి ముఖము. మన గెలుపు కాదు.

పుట్టింటికి తిరిగివచ్చిన ఆడపడుచు, పెండ్లి లేకుండ మిగిలిన పెద్దమ్మ, ఇరువదియేండ్లుగ ఇంటిలో పనిచేయుచు పిల్లలను ఎత్తి పెంచిన పనిమనిషి – వీరినిగూడ తలచుకొనుడు. పటము తీయుటకు ముందు తలలు లెక్కించుట కాదు. లేనివా రెవరని ఆలోచించుట ముఖ్యము.

ఏటేట ఒక పటము

అమెరికాలో నికొలస్ నిక్సన్ అను ఛాయాగ్రాహకుడు 1975 మొదలుకొని తన భార్యను, ఆమె ముగ్గురు తోబుట్టువులను ఏడాది కొక పటము చొప్పున, నలువది యేండ్లకు మించి తీసెను. ప్రతి పటమునను నలుగురును అదే వరుసలో నిలిచియుందురు. చాల పటములు ఆరుబయట తీసినవే. కొన్నిటియందు తీయువాని నీడయు వారిమీద పడియుండును. అందు చమత్కార మేమియు లేదు. అయినను వరుసగ చూచుచు పోయినచో, పడుచుదనము పోయి వార్ధక్యము వచ్చుటయు, ఒకరిమీద నొకరి చేతులు మఱింత గట్టిగ బిగియుటయు గాన్పించి కన్నులు చెమర్చును.

ఈ పని మనకును సాధ్యమే. ఉగాదికో, సంక్రాంతికో, ఇంటి పెద్ద పుట్టినదినమునకో ఒక తిథి నిర్ణయించుకొని, అదే అరుగుమీద, అదే వరుసలో ఏటేట దిగవలెను. పిల్లలు ఎదుగుదురు, ఒక కుర్చీ ఖాళీ యగును, ఒక కొత్తకోడలు చేరును. పది పటములైనచో అది మీ వంశచరిత్రమే.

వెనుకవైపు వ్రాత

తీసిన పటము ఫోనులోనే యుండినచో అది మనది యని నమ్మరాదు. ఫోను నీటిలో బడవచ్చును, పోవచ్చును, చెడవచ్చును. ఏడాది కొక్క పటమునైనను కాగితముమీద వేయించుకొనవలెను. దానిని ఎండపడు గోడకు తగిలింపరాదు. 1970, 80 ప్రాంతముల రంగు ఫొటోలు చాలవఱకు వెలిసి ఎఱ్ఱబారియుండుట మన మెఱిగినదే. తడి తగులు గోడయు పనికిరాదు. అద్దమునకు అంటుకొన్న పటమును చినుగకుండ తీయుట కష్టము. మిగిలినవి పొడి కాగితపు సంచులలో నుంచి, బీరువా నడిమి యఱలో పెట్టుకొనవలెను.

పటము వెనుక మెత్తని పెన్సిలుతో, నొక్కిపట్టక, సంవత్సరమును, స్థలమును, వరుసగ అందఱి పేర్లను వ్రాయవలెను. సిరా తడికి చెదరును. భవభూతి మహాకవి ఉత్తరరామచరితమునందు మొదటి యంకమున, లక్ష్మణుడు అన్నకును వదినకును చిత్రపటములను చూపుచు, వివాహ ఘట్టమున సీతను, మాండవిని, శ్రుతకీర్తిని పేర్కొని, తన భార్యయగు ఊర్మిళను మాత్రము సిగ్గుచే చెప్పక దాటవేయును. సీతాదేవి ఆమెను చూపి, ఈ మఱియొకతె యెవరని పరిహాసముగ నడుగును. అచ్చట అది సరసము. మన యిండ్లలో అది విషాదము. పటమున నున్న ముత్తవ్వను చూపి, ఈమె యెవరని పిల్లలడుగగా, చెప్పగలిగినవారు అప్పటికే పోయియుందురు. రూపము మిగిలియు పేరు పోయినచో సగము మిగిలినట్లే.

కావున సోదరీమణులారా! మంచి కెమేరా కొనిన పిదప చూతము, ఇల్లు సున్నము వేయించిన పిదప చూతము, అందఱును వచ్చిన పిదప చూతమని వాయిదా వేయకుడు. ఈ వారమే యొక ఉదయమున, అరుగుమీద నీడ యంచున ఒక కుర్చీ వేయుడు. ఇంటిలో అందఱికంటె పెద్దయైన యామెను మొదట పిలిచి అందు కూర్చుండబెట్టుడు. తక్కినవారు ఆమె చుట్టును తామే చేరుదురు. టైమరు పెట్టి, మీరును వెళ్లి ఆమె ప్రక్కన నిలువుడు.